డోర్నకల్ నుంచి మెదక్ దాకా: మా ఇద్దరికీ ఒకే బల్ల

గార్డుబాబు | జనవరి 9, రాత్రి 9:40

అందరికీ వందనాలు. రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్లు గార్డుగా చేసి రిటైరయ్యాను (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు లెండి). డోర్నకల్ జంక్షన్ మీదుగా ఎన్ని వందలసార్లు వెళ్లానో లెక్కలేదు. ఒక్కసారైనా ఊళ్లోకి వెళ్లలేదు. పచ్చజెండా ఊపడం, సాగిపోవడం. మొన్న శనివారం మా ఆవిడతో కలిసి అక్కడ దిగాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నేను గుంటూరు జిల్లా లూథరన్‌ని. పుట్టిన నెలకే బాప్తిస్మానికి నెత్తిన నీళ్లు చల్లించుకున్నవాణ్ని. ఆవిడ ఒంగోలు వైపు బాప్టిస్టు. పదహారో ఏట గుండ్లకమ్మ నదిలో మునిగి లేచిన మనిషి. ముప్పై నాలుగేళ్లుగా మా ఇంట్లో ఒక పద్ధతి నడుస్తోంది. మిగతా ఆదివారాలు ఇద్దరం కలిసి మా గుడికి. నెల మొదటి ఆదివారం, అంటే సంస్కారం (ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చే రోజు, నేను మా గుడికి, ఆవిడ రెండు వీధుల అవతల వాళ్ల గుడికి. పెళ్లైన కొత్తలో ఒకసారి మా గుడిలో ఆవిడ కూడా మోకాళ్లూనింది. పక్కనున్న సంఘపెద్ద ఒకాయన "అమ్మా, మీ సభ్యత్వం ఇక్కడ లేదు కదా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆవిడ లేచి వచ్చి బెంచీలో కూర్చుంది. అంతే, మళ్లీ వెళ్లలేదు.

డోర్నకల్‌లో మేమున్నది నెల మొదటి ఆదివారమే. ఎపిఫనీ కెథీడ్రల్ అంటారు, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దూరం నుంచి గుమ్మటాలు చూసి మసీదేమో అనుకుంటాం. లోపలికి అడుగు పెడితే స్తంభాలు గుడి మండపంలో ఉన్నట్టుంటాయి. మా ఆవిడ ఒక స్తంభం మీద చెక్కిన పువ్వును వేలితో తడిమి చూసి "ఏవండీ, ఇది ఎవరి గుడి?" అంది. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లదని చెప్పాను. "అది కాదు, కట్టింది ఎవరి గుడిలా అని" అంది.

సంస్కారానికి ముందు అయ్యగారు, వేరే సంఘాల్లో సంస్కారం పుచ్చుకునే సభ్యులు కూడా రావచ్చని చెప్పారు. మామూలుగా, నోటీసు చదివినట్టే చెప్పారు. ఆవిడ నా వైపు చూసింది. హ్యాండ్‌బ్యాగ్ బెంచీ కిందకి తోసి, కొంగు తలమీదకి లాక్కుని లేచింది. ఇద్దరం పక్కపక్కన మోకాళ్లూనాం. నా మోచెయ్యి ఆవిడ గాజులకి తగిలి చిన్న చప్పుడైంది. వెనక్కి వచ్చాక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ద్రాక్షారసం తియ్యగా ఉంది. మా గుడిలో పుల్లగా ఉంటుంది" అంది.

అక్కణ్నుంచి మెదక్ కూడా వెళ్లాం. అది తర్వాత రాస్తాను. మన తెలుగు సంఘాలన్నీ ఒక్కటయ్యే రోజు వస్తుందంటారా? మీరేమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది.

పాత_పుస్తకాలు | జనవరి 9, రాత్రి 11:15

గార్డుబాబు గారూ, ఆ గుడి పక్కనే బిషప్ అజరయ్య గారి సమాధి ఉంటుంది, చూసే ఉంటారు. మీరు అడిగిన ప్రశ్నకి జీవితమంతా ఖర్చుపెట్టిన మనిషి ఆయన.

ఆయన మనవారు కారు, తిరునెల్వేలి తమిళుడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సొసైటీ పెట్టుకుని, పనిచేయడానికి నిజాం రాజ్యంలో ఈ డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. 1909లో ఆయన తానే వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి నుంచి వచ్చింది) మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో ప్రపంచ మిషనరీలందరి ముందు నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇక స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగిన మనిషి. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

1919 మే నెలలో సంఘాల ఐక్యత గురించి తమిళనాడు తరంగంబాడిలో వేర్వేరు సంఘాలవాళ్లు 33 మంది కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఈ చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, బయటి నుంచి మన మీద పడ్డవి అని వాళ్లు రాసిన మాటకి ఇప్పటికీ పదును పోలేదు. ఆలోచించండి, ఇంగ్లండు రాజుకీ పోపుకీ వచ్చిన తగవుతో ఖమ్మం కూలివాడికి ఏం పని?

అక్కణ్నుంచి 28 ఏళ్లు పట్టింది. తగవంతా ఒక్క ముడి దగ్గరే. బిషప్పు తలమీద చేతులుంచి అభిషేకించని పాస్టరు పాస్టరేనా కాదా? చివరికి, ఉన్నవాళ్లని మళ్లీ అభిషేకించకుండా ఉన్నట్టే ఒప్పుకుందాం, ఇకపై వచ్చేవాళ్లందరికీ బిషప్పే చేతులుంచుతాడు అని తేల్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసిపోయి ఉన్న కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్లు సీఎస్‌ఐగా ఒక్కటయ్యారు. స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు. అజరయ్య గారు 1945 జనవరి 1నే కన్నుమూశారు. ఆ పూట చూడలేదు.

కొత్తగా_వచ్చా | జనవరి 10, ఉదయం 7:05

ప్రైజ్ ది లార్డ్. బ్రదర్, బిల్డింగులు చూడ్డానికి వెళ్లి యాత్ర అంటే ఎలా? దేవుడు చేతితో చేసిన ఆలయాల్లో ఉండడు. డినామినేషన్లన్నీ మనుషులు పెట్టినవే. అందుకే మా సంఘానికి డినామినేషన్ లేదు. అందరూ అలా బయటికి వచ్చేస్తే యూనిటీ అదే వస్తుంది.

మెదక్_మావయ్య | జనవరి 10, ఉదయం 8:20

తమ్ముడూ, మా కాలనీలో డినామినేషన్ లేని సంఘాలు ఇప్పటికి నాలుగున్నాయి. ఒకదాన్నుంచి ఒకటి బయటికొచ్చినవే.

గార్డుబాబు గారు మెదక్ సంగతి తర్వాత రాస్తానన్నారు కాబట్టి నేనే కాస్త ముందుపడుతున్నా, ఏమనుకోకండి. మాది మెదక్కే. మా కెథీడ్రల్‌ని 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాటికి కట్టారు, మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు. కరువు రోజులు. ఊరికే పెడితే తినం అనే జనానికి రాళ్లు మోయించి గింజలిచ్చారని మా తాత చెప్పేవాడు. మా తాత తండ్రి అక్కడ పనిచేశాడు. మా ఇంట్లో ఆ గుడి గురించి "తినిపించిన గుడి" అనే మాట ఉంది. బయట ఎవరూ అనగా వినలేదు.

చార్మినార్ కంటే ఎత్తు ఉండకూడదని నిజాం ఆపించాడు, అందుకే ఇంత వరకే కట్టారు అని గైడ్లు చెప్తుంటారు. కాగితం చూపించమంటే ఎవరి దగ్గరా లేదు. నవ్వుకుని వదిలేయండి.

చూడాల్సింది అద్దాల కిటికీలు. జననం, సిలువ, ఆరోహణం, మూడూ మూడు పెద్ద కిటికీల్లో. వెలుగు బయట నుంచి వస్తేనే బొమ్మ కనిపిస్తుంది. పొద్దుపోయాక లోపల ఎన్ని లైట్లు వేసినా అక్కడ నల్లటి అద్దమే. చిన్నప్పుడు సాయంత్రం ప్రార్థనకి వెళ్తే యేసయ్య ఇంటికెళ్లిపోయాడు అనుకునేవాణ్ని.

ఇంకో తమాషా. మాది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత వెస్లియన్ మెథడిస్టుల గుడి, 1947లో కలిసి సీఎస్‌ఐ అయింది. కానీ మెథడిస్టు అని బోర్డున్న చర్చీలు హైదరాబాదులో ఇంకా ఉన్నాయి. అవి అమెరికా మెథడిస్టులవి, కలవలేదు. అంటే వెస్లీ అని పేరున్నది మెథడిస్టు కాదు, మెథడిస్టు అని పేరున్నది సీఎస్‌ఐ కాదు. మా కోడలికి ఇది అర్థం చేయించడానికి రెండు పండగలు పట్టింది.

నంద్యాల_వాడు | జనవరి 10, మధ్యాహ్నం 1:30

1947లో అందరూ కలిసిపోయారు అన్నట్టు రాశారు. మా నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు చాలా వరకు చేరలేదు. దాదాపు ముప్పై ఏళ్లు విడిగానే ఉండి, 1970లలో కలిశాయి. మా ఇంట్లో పెద్దాయన చివరిదాకా "మేము చర్చి ఆఫ్ ఇండియా" అనేవాడు. సీఎస్‌ఐ అంటే కోపం. ఎందుకని అడిగితే ఆయనకీ సరిగ్గా తెలీదు.

గుండ్లకమ్మ | జనవరి 11, రాత్రి 10:02

మూడు రోజులుగా చదువుతున్నా. పుస్తకాలు బాగున్నాయి, కిటికీలు బాగున్నాయి. ఎవరూ అనని మాట నేను అంటా.

నేను ఒంగోలు బాప్టిస్టుని. మాదిగ ఇంటి పిల్లని. 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు అంతకుముందు కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి పని చూపించారు. మెదక్ మావయ్య గారూ, మీది తినిపించిన గుడి అయితే మాది తవ్విన కాలువ. ఆ 2,222 మందిలో ఎక్కువమంది మావాళ్లే. ఇటు గుంటూరు లూథరన్లలో, కృష్ణా వైపు సీఎస్‌ఐలో మాలలు ఎక్కువ. అంటే ఏమిటి? మిషన్లు వచ్చి జిల్లాలు పంచుకున్నాయి, పల్లెలో ఈ పేట ఒక మిషన్‌కి, ఆ పేట ఇంకో మిషన్‌కి వెళ్లింది. ముంచుడా చిలకరింపా అని మనం వాదించుకుంటాం. ఆ వాదన కింద మాలపల్లె, మాదిగపల్లె అలాగే ఉన్నాయి.

ఒకే సంఘం అయినచోట బాగుందా? మా చుట్టాల ఊళ్లో, పేరు చెప్పను, ఒకే డినామినేషన్‌కి రెండు గుళ్లు. మధ్యలో వేపచెట్టు. రెండింటికీ పాస్టరు ఒక్కడే. ఎనిమిదిన్నరకి ఒకచోట, పదిన్నరకి ఒకచోట. పండగపూట మైకులు రెండూ ఒకేసారి మోగుతాయి. ఎన్నికలొస్తే బిషప్పు ఏ కులం అనేది పోస్టరు మీద రాయరు గానీ అందరికీ తెలుసు.

1950 నుంచి క్రైస్తవుడైతే ఎస్సీ కాదన్నారు, బీసీ-సీ అన్నారు. సర్టిఫికెట్టులో పోయిన కులం బెంచీ మీద పోలేదు. గార్డుబాబు గారూ, మీ ఆవిడని లేపిన పెద్దమనిషి నిజంగా సభ్యత్వం గురించే అడిగాడా? మీరు ఎప్పుడైనా ఆలోచించారా?

కొత్తగా_వచ్చా | జనవరి 11, రాత్రి 10:30

సిస్టర్, క్రీస్తులో కులం లేదు. ఇలాంటి పోస్టులు విభజన తెస్తాయి. అడ్మిన్ గారు తీసేయాలి.

అడ్మిన్ | జనవరి 11, రాత్రి 11:00

తీసేయను. ఉన్నమాటే రాశారు. ఏ ఊరు, ఏ సంఘం అని పేర్లు మాత్రం ఎవరూ పెట్టొద్దు.

గార్డుబాబు | జనవరి 12, ఉదయం 6:10

గుండ్లకమ్మ గారూ, మీ పోస్టు రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆ అమ్మాయి అడిగింది నాకు ఆ రోజే తెలుసు" అంది. నాకు చెప్పలేదేం అంటే, "మీకు తెలియదని నాకు తెలియదు" అంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.

డోర్నకల్_పిల్ల | జనవరి 12, రాత్రి 8:45

నేను డోర్నకల్ హాస్టల్లో చదివాను. ఆ గుడి మెట్ల మీద కూర్చుని పదో తరగతి లెక్కలు చేసినదాన్ని. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం.

గుండ్లకమ్మ అక్కా, నువ్వు చెప్పింది మా దగ్గరా ఉంది. లేదనను. కానీ హాస్టల్లో ఒకటే గుండిగ. అన్నం వడ్డించే డ్యూటీ వంతులవారీ. ఎవరి వంతు అని గొడవలు వచ్చాయి గానీ, ఎవరి చేతి అన్నం అని ఎప్పుడూ రాలేదు. గుళ్లో రానిది అక్కడెలా వచ్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆకలి వల్ల కావచ్చు.

బాబాయ్ గారూ, ఆంటీ తడిమిన ఆ స్తంభాలంటే నాకూ ఇష్టం. మాకు చరిత్ర సారు చెప్పేవారు, బయట ఊళ్లో మిమ్మల్ని గడప తొక్కనివ్వని గుళ్లల్లో ఉండే స్తంభాలు తెచ్చి మీకిక్కడ నిలబెట్టారు రా అని.

గుణదల_మేరీ | జనవరి 18, సాయంత్రం 5:25

ఇవాళ్టి నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థనా వారం కదా, అందుకే ఈ చర్చ వెతుక్కుంటూ వచ్చాను. కథోలికురాలిని. విజయవాడ.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మా గుణదల కొండకి రండి. హిందువులు తలనీలాలిస్తుంటారు, ముస్లిం అమ్మలు కొవ్వొత్తులు పెడుతుంటారు, "మేము మరియమ్మని మొక్కం" అనే సంఘాలవాళ్లు మొహం కప్పుకుని మెట్లెక్కుతుంటారు (చూశాను లెండి, పక్కింటి ఆంటీనే). కొండ మీద అందరం కలుస్తాం. దివ్యబలి పూజలో సత్ప్రసాదం (మీరనే సంస్కారం) దగ్గరకొచ్చేసరికి మళ్లీ విడిపోతాం. మా తిరుసభ నియమం ప్రకారం మామూలుగా మీకు ఇవ్వరు. దీన్ని తీపి మాటలతో దాచను.

మా ఆయన సీఎస్‌ఐ. మా పెళ్లి పూజలో ఆయన చేతులు కట్టుకుని వరసలో వచ్చి తల వంచారు, ఫాదర్ గారు నెత్తిన చెయ్యి పెట్టి దీవించారు. ఫొటోలో అది చాలా బాగా వచ్చింది. అత్తగారు ఆ ఫొటో ఆల్బంలో పెట్టనివ్వలేదు.

హైఫా_ఆంధ్ర | జనవరి 24, రాత్రి 1:10

ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్నాను, పద్నాలుగేళ్లు. మాది పశ్చిమ గోదావరి. ఇక్కడ తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. శనివారం సెలవు దొరికితే యెరూషలేము వెళ్తాం.

మనమేదో గొడవలు పడుతున్నామనుకుంటున్నారు గానీ, యేసు ప్రభువు సమాధి గుడికి ఒకసారి వచ్చి చూడండి. ఆరు సంఘాలు పంచుకుంటాయి. గ్రీకులు, కథోలికులు, ఆర్మేనియన్లు, కోప్టులు, సిరియన్లు, ఇథియోపియన్లు. ఏ దీపం ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడ్వాలి అన్నీ పాత లెక్క ప్రకారమే. ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన ఉంటుంది, రెండొందల ఏళ్లకు పైబడి. తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి, అందుకని ఎవరూ తీయరు. తలుపు తాళంచెవి తరతరాలుగా ముస్లిం కుటుంబాల దగ్గర ఉంది. మొదటిసారి విన్నప్పుడు సిగ్గేసింది. తర్వాత, పోనీలే, ఎవరో ఒకరు తలుపు తీస్తున్నారు అనుకున్నాను.

నేను వచ్చిన కొత్తలో సమాధి మందిరం చుట్టూ ఇనుప దూలాలు బిగించి ఉండేవి. కూలిపోకుండా బ్రిటిష్‌వాళ్లు పెట్టారు, 1947లో. అవును, మీ సీఎస్‌ఐ పుట్టిన ఏడాదే. ఎవరు బాగు చేయించాలో తేలక దాదాపు డెబ్బై ఏళ్లు అలాగే ఉంచారు. ఇక పడిపోతుందని 2015లో పోలీసులు కాసేపు మూయించేసరికి గ్రీకులూ ఆర్మేనియన్లూ కథోలికులూ కలిసి కూర్చున్నారు. 2017 మార్చికి పని పూర్తి. ఇప్పుడు ఆ దూలాలు లేవు. నిచ్చెన ఉంది.

మెదక్_మావయ్య | జనవరి 24, ఉదయం 7:50

అంటే మన పైకప్పు కూడా కాస్త కదలాలి అంటావా అమ్మా!

పాత_పుస్తకాలు | జనవరి 25, ఉదయం 10:20

కదలకుండా కలిసినవీ ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తీయండి. లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ, అందరికీ ఒకటే పుస్తకం, పాట మీద రాగం, తాళం వేసి ఉంటాయి. ఎవరు రాసిన పాట ఏ మిషన్‌దో పాడేవాడికి తెలియదు, అక్కర్లేదు కూడా. పాస్టర్లని తయారుచేసే ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల కూడా 1964లో ఈ సంఘాలన్నీ కలిసి పెట్టుకున్నదే. మొదట రాజమండ్రిలో, తర్వాత హైదరాబాదుకి మారింది. అంటే మన పాస్టర్లు ఒకే మెస్సులో తిని, ఒకే గురువు దగ్గర చదివి, పట్టా పుచ్చుకుని ఊరికొచ్చాక వేరు బల్లలు వేస్తున్నారు. లూథరన్లకీ సీఎస్‌ఐకీ 1948 నుంచి ఏళ్ల తరబడి చర్చలు నడిచాయి. వేదాంతంలో పెద్ద తేడా లేదనే తేల్చుకున్నారు. అయినా కలవలేదు. ఎందుకో గుండ్లకమ్మ గారు ముందే చెప్పారు, ఆస్తుల సంగతి నేను కలుపుతున్నా.

గార్డుబాబు | ఫిబ్రవరి 2, రాత్రి 9:15

నిన్న నెల మొదటి ఆదివారం. ఏం జరిగిందో చెప్తాను.

పోయిన వారం మా పాస్టరు గారిని అడిగాను, మా ఆవిడ మా గుడిలో సంస్కారం తీసుకోవచ్చా అని. ఆయన కుర్రవాడు, వచ్చి రెండేళ్లయింది. "తీసుకోవచ్చు కదా అంకుల్, ఎవరు వద్దన్నారు?" అన్నాడు. వద్దన్న పెద్దమనిషి పోయి పదేళ్లయింది. రూలు ఎక్కడా రాసి లేదట. ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను, ఆనందపడుతుందనుకుని. చిక్కుళ్లు ఈనె తీస్తూ ఉంది. తల ఎత్తకుండా "పిలవని పేరంటానికి వెళ్లే అలవాటు నాకు లేదు. ముప్పై నాలుగేళ్లలో ఒక్కరైనా రమ్మన్నారా?" అంది. ఒక్కరైనా అన్నదాంట్లో నేనూ ఉన్నాను కదా.

అందుకని నిన్న నేనే వాళ్ల గుడికి వెళ్లాను. చివరి బెంచీలో కూర్చున్నాను. వాళ్ల దగ్గర చిన్న చిన్న గ్లాసులు పళ్లెంలో పెట్టి డీకన్లు బెంచీల దగ్గరికే తెస్తారు. మా వరసకి వచ్చినాయన నాకు ఇరవై ఏళ్లుగా తెలిసినవాడు, నా చిన్నల్లుడి సంబంధం చూసిందే ఆయన. నా ముందు ఆగాడు. పళ్లెం కొంచెం వణికింది, గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. నేను ముంచుడు తీసుకోలేదని ఆయనకి తెలుసు. తల వంచాను. ముందుకెళ్లిపోయాడు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర పట్టుకున్నాడు. "బాబు గారూ, చెయ్యి ఆడలేదు. ఈ నెల కమిటీలో నేనే ఎత్తుతాను" అన్నాడు. ఎత్తుతాడో లేదో. మా ఆవిడ మాత్రం దారిలో "చూశారా, పళ్లెం ముందు నుంచి పోతే ఎలా ఉంటుందో" అంది. కోపంగా కాదు.

గుండ్లకమ్మ | ఫిబ్రవరి 2, రాత్రి 9:50

ఆంటీని ఒకసారి కలవాలని ఉంది. నిజంగా.

డోర్నకల్_పిల్ల | ఫిబ్రవరి 2, రాత్రి 10:05

ఈసారి సీఎస్‌ఐ పుట్టినరోజు, సెప్టెంబరు 27, ఆదివారమే పడింది. అందరం డోర్నకల్‌లో కలుద్దామా? మేరీ గారు కూడా, వాళ్లాయనతో. భోజనం నా బాధ్యత, హాస్టల్ వంటామె ఇంకా అక్కడే ఉంది.

మెదక్_మావయ్య | ఫిబ్రవరి 3, ఉదయం 6:40

నేను రెడీ. మాకు 2022లోనే రైలొచ్చింది గానీ డోర్నకల్‌కి నేరుగా లేదు, హైదరాబాద్‌లో మారాలి.

గార్డుబాబు | ఫిబ్రవరి 3, ఉదయం 7:00

మాకు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఉంది, గుంటూరులో తెల్లవారుజామున. కానీ ఆదివారం ఆరాధనకి అందాలంటే శనివారమే రావాలి. గుండ్లకమ్మ గారూ, మీరు ఒంగోలు నుంచి విజయవాడ వచ్చేయండి, అక్కడ మా బోగీలో ఎక్కవచ్చు. మా ఆవిడ అడగమంటోంది, మీకు గోంగూర పచ్చడి పులుపు ఎక్కువుండాలా, తక్కువా?